మధ్యవర్తి ఒక్కడే, మరి మరియమ్మను ఎందుకు అడుగుతారు?

"దేవుడొక్కడే, దేవునికిని నరులకును మధ్యవర్తియు ఒక్కడే, ఆయన క్రీస్తుయేసను నరుడు." తిమోతికి రాసిన మొదటి పత్రిక, రెండో అధ్యాయం, అయిదో వచనం. ఆర్‌.సి.ఎం. (రోమన్ కతోలిక) ఇంట్లో పుట్టి లూథరన్ ఇంటికి కోడలిగా వెళ్లిన నాలాంటివాళ్లకి బైబిలు మొత్తంలో అన్నిటికంటే ఎక్కువగా వినబడే వచనం ఇదే. గుంటూరు వైపు ఇలాంటి సంబంధాలు కొత్తేమీ కాదు. ఫాదర్ హేయర్ 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషను మొదలుపెట్టారు. ఫిరంగిపురం వైపు కతోలికులు అంతకు ముందునుంచే ఉన్నారు. ఒకే ఊళ్లో రెండు గుళ్లు, ఒకే కుటుంబంలో రెండు రకాల ప్రార్థనలు చూస్తూ పెరిగినవాళ్లం మేము.

మా మరిది ఈ వచనం చెప్పి ఊరుకోడు. "వదినా, మధ్యవర్తి ఒక్కడే అని ఇంత స్పష్టంగా ఉంటే మీరు మరియమ్మనీ సెయింట్ అంతోనిగారినీ ఎందుకు అడుగుతారు? నేరుగా యేసయ్యనే అడగొచ్చు కదా?" అంటాడు. వెటకారంగా అనడు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతాడు. నిజాయితీగా వచ్చిన ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందు ఆ వచనం ఎక్కడుందో చూద్దాం. అదే అధ్యాయం మొదటి వచనంలో పౌలు అన్నిటికంటే ముఖ్యంగా ఏం చేయమంటున్నాడు? మనుష్యులందరి కొరకు, రాజుల కొరకు, అధికారులందరి కొరకు "విజ్ఞాపనములును ప్రార్థనలును యాచనలును కృతజ్ఞతాస్తుతులును" చేయమంటున్నాడు. అంటే ఒకరి కోసం ఒకరు దేవుని దగ్గర వేడుకోమంటున్నాడు. అలా చేయడం మన రక్షకుడైన దేవుని దృష్టికి మంచిది, అనుకూలమైనది అని మూడో వచనంలో చెప్పి, దానికి కారణంగా అయిదో వచనంలో మధ్యవర్తి ఒక్కడే అంటున్నాడు. ఆ ఒక్క మధ్యవర్తి తన ప్రాణాన్ని అందరి కోసం ఇచ్చాడు కాబట్టి ఆయనలో ఉన్నవాళ్లు కూడా అందరి కోసం వేడుకోవాలి. ఇదీ పౌలు వరస. విజ్ఞాపనను మాన్పించడానికి మనం వాడుకుంటున్న వచనం, నిజానికి విజ్ఞాపన చేయమని చెప్పడానికి రాసింది. అయిదో వచనాన్ని మొదటి వచనం నుంచి తెంపి చదివితేనే ఈ తగాదా పుడుతుంది.

క్రీస్తు చేసిన మధ్యవర్తిత్వం ఇంకెవరూ చేయలేరు. మన పాపం కోసం చనిపోయినది ఆయన ఒక్కడే. ఈ విషయంలో కతోలిక శ్రీసభకు అనుమానం లేదు. రెండో వాటికన్ మహాసభ 1964 నవంబరులో శ్రీసభ గురించి ప్రకటించిన పత్రంలో, మరియమ్మ పాత్రను వివరించే భాగంలో, సరిగ్గా ఈ తిమోతి వచనాన్నే ఎత్తి చూపింది. ఆమె చేసేది ఏదైనా ఆ ఒక్క మధ్యవర్తిత్వాన్ని కప్పిపుచ్చదు, తగ్గించదు, దాని బలం మీదే ఆధారపడుతుంది అని అక్కడ ఉంది. మావాళ్లలోనే చాలామంది ఆ పేజీ తిప్పి చూడలేదన్నది వేరే సంగతి.

ఇక్కడ మా అత్తయ్య గురించి చెప్పాలి. ఆవిడ దగ్గర ఒక పొడుగాటి నోటుబుక్కు ఉండేది, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసినది. స్త్రీల సమాజం కూడికలో ఎవరు ఏ బాధ చెప్పుకున్నా అందులో రాసుకునేవారు. ఒకామె కొడుక్కి డిగ్రీ సప్లీ, ఇంకొకామెకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్, ఎవరిదో వీసా టెన్షన్, ఎవరి భర్తదో తాగుడు. పేరు పక్కన తేదీ. జవాబు వచ్చిందనుకున్న వాటి మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టి పక్కన "స్తోత్రం" అని రాసేవారు. గీత పడని పేర్లు ఏళ్ల తరబడి అలాగే ఉండేవి, ఆవిడ మాత్రం వాటిని వదిలేవారు కాదు. తెల్లవారుజామున లేచి ఒక్కొక్క పేరూ పలికి ప్రార్థించేవారు. ఇతరుల కోసం అంత శ్రద్ధగా వేడుకున్న మనిషిని నేను మా విచారణలో (మా గుడికి చెందినవాళ్లలో) కూడా చూడలేదు.

ఆ నోటుబుక్కులో పేరు రాయించుకున్న ఏ ఒక్కరినీ మా మరిది "నేరుగా యేసయ్యనే అడగొచ్చు కదా" అనలేదు. అనాలని తోచను కూడా లేదు. ఎందుకంటే అత్తయ్యను ప్రార్థన చేయమని అడగడం క్రీస్తును పక్కన పెట్టడం కాదని అందరికీ తెలుసు. మోషే ఇశ్రాయేలు కోసం నిలబడ్డాడు. సమూయేలు, మీ కోసం ప్రార్థన మానితే అది యెహోవాకు విరోధంగా నేను చేసిన పాపం అవుతుందన్నాడు. యోబు స్నేహితులతోనైతే స్వయంగా దేవుడే చెప్పాడు: యోబు దగ్గరకి వెళ్లండి, "నా సేవకుడైన యోబు మీ నిమిత్తము ప్రార్థనచేయును", అతని ప్రార్థన నేను అంగీకరిస్తాను అని. వాళ్లతో నేరుగా మాట్లాడుతున్న దేవుడే, నేరుగా తననే క్షమాపణ అడగమనకుండా, వాళ్లు ఎవరిని నొప్పించారో ఆ మనిషి దగ్గరకే పంపాడు.

జబ్బుపడ్డ తన దాసుణ్ణి బాగుచేయమని యేసును వేడుకున్న శతాధిపతి (రోమా సైన్యాధికారి) సంగతి చూడండి. మత్తయి సువార్తలో ఆయన తానే యేసు దగ్గరకి వచ్చినట్టు ఉంటుంది. లూకా ఏడో అధ్యాయంలో ఆయన రాలేదు. ముందు యూదుల పెద్దల్ని పంపాడు, తర్వాత స్నేహితుల్ని పంపాడు. ఆ పెద్దలు వచ్చి, ఈయన యోగ్యుడు, మన జనాన్ని ప్రేమించాడు, మన సమాజమందిరం కట్టించాడు అని బతిమాలుకున్నారు. అప్పుడు యేసు, తనకే అవసరమైతే తానే రావచ్చు కదా అన్నాడా? లేదు. వాళ్లతో బయలుదేరాడు. ముఖం కూడా చూపించని ఆ మనిషి గురించి, ఇశ్రాయేలులో కూడా ఇంత విశ్వాసం చూడలేదన్నాడు. ఇతరుల చేత అడిగించుకోవడం విశ్వాసం తక్కువవడం వల్లే అనుకునేవాళ్లు ఈ కథ దగ్గర కాసేపు ఆగాలి. ప్రతి దివ్యబలిపూజలో (మాస్‌లో) సత్ప్రసాదం తీసుకునే ముందు మేము చెప్పుకునే మాటలు, నీవు నా ఇంటికి రావడానికి నేను యోగ్యుణ్ణి కాను అని ఆ శతాధిపతి కబురు చేసిన మాటలే.

ఇంకో అపోహ ఉంది, అది రెండు పక్కలా ఉంది. విజ్ఞాపన అంటే ఎమ్మెల్యే గారి సిఫారసు ఉత్తరం లాంటిదని. పైన కూర్చున్నాయన మనసు గట్టిది, మధ్యలో ఎవరో దగ్గరివాళ్లు చెబితే మెత్తబడతాడు అని. బైబిలు చూపించే దేవుడు ఇలా ఉండడు. ఆదికాండం 18లో సొదొమ గురించి అబ్రాహాము వేడుకోవడం మనందరికీ తెలుసు. యాభైమంది నీతిమంతులతో మొదలుపెట్టి పదిమంది దాకా తెచ్చాడు. కానీ ఆ సంభాషణ మొదలుపెట్టింది ఎవరు? "నేను చేయబోవు కార్యము అబ్రాహామునకు దాచెదనా?" అని దేవుడే అనుకున్నాడు. అబ్రాహాముకి తెలియకపోతే వేడుకోవడానికి ఏమీ ఉండేది కాదు. వేడుకోవాలనే చెప్పాడు. అంకె తగ్గించిన ప్రతిసారీ ఒప్పుకున్నాడు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

నిర్గమకాండం 32 ఇంకా ఆశ్చర్యం. బంగారు దూడ చేసిన జనం మీద కోపంతో దేవుడు మోషేతో, నన్ను ఊరకే వదిలెయ్యి, వీళ్లని నాశనం చేస్తాను అంటాడు. సర్వశక్తిమంతుడు ఒక మనిషిని అనుమతి అడిగినట్టు మాట్లాడటం ఏమిటి? నా ఉద్దేశంలో అది మోషేకి తెరిచిన తలుపు. నువ్వు అడ్డు నిలబడితే ఆగుతాను అని చెప్పడమే అది. మోషే నిలబడ్డాడు. చివరికి, వాళ్లని క్షమించకపోతే నీ గ్రంథంలోంచి నా పేరు తుడిచెయ్యి అనేంత దూరం వెళ్లాడు. యెహెజ్కేలు 22లో దేవుడు తన బాధ చెప్పుకుంటాడు: గోడ బద్దలైన చోట దేశం కోసం నా ఎదుట నిలబడే ఒక్క మనిషి కోసం వెతికాను, దొరకలేదు. విజ్ఞాపన చేసేవాడు దేవునికి అడ్డం పడేవాడు కాదు. దేవుడు వెతికేవాడు. పదమూడో శతాబ్దంలో పునీత (సెయింట్) తోమాసు అక్వినాసు దీన్నే తేటగా చెప్పాడు: మనం ప్రార్థించేది దేవుని నిర్ణయం మార్చడానికి కాదు, మన ప్రార్థనల ద్వారా ఇవ్వాలని ఆయన నిర్ణయించినదాన్ని పొందడానికి.

ఇంతవరకు మా మరిదికి పెద్దగా అభ్యంతరం లేదు. "ఇవన్నీ బతికున్నవాళ్లు కదా వదినా" అంటాడు. అసలు విషయం ఇక్కడ బయటపడుతుంది. మా ఇంట్లో జరిగే వాదన విజ్ఞాపన గురించి కాదు, మధ్యవర్తి గురించి కూడా కాదు. అది మరణం గురించి. క్రీస్తులో ఒకరికొకరం అయినవాళ్ల మధ్య ఉన్న బంధాన్ని మరణం తెంపగలదా, లేదా? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు తేలితే మిగతావి వాటంతట అవే తేలతాయి.

చచ్చినవాళ్లతో మాట్లాడకూడదని ద్వితీయోపదేశకాండం 18లో ఉంది కదా అంటారు. ఉంది, మాకూ అది ఆజ్ఞే. అక్కడ నిషేధించినది సోదె, కర్ణపిశాచి, చచ్చినవాళ్లని రప్పించి రహస్యాలు అడగడం. సౌలు రాజు ఏన్దోరులో కర్ణపిశాచిగల స్త్రీ దగ్గరకి వెళ్లి చేసింది అదే. దేవుడు జవాబివ్వడం మానేశాక దేవుణ్ణి దాటి సమాచారం రాబట్టాలని చూశాడు. మరియమ్మను వేడుకుంటూ మంగళవార్త జపం చెప్పే ముసలమ్మ ఎవరినీ రప్పించడం లేదు, భవిష్యత్తు అడగడం లేదు. "పాపాత్ములమైయుండెడు మా కొరకు ఇప్పుడును, మా మరణ సమయమందును ప్రార్థించండి" అంటోంది. ఎవరికి ప్రార్థించమంటోంది? దేవునికే. ఈ రెండూ ఒకటే అనడం న్యాయం కాదు.

రెండోది, ప్రసంగి తొమ్మిదో అధ్యాయం: "చచ్చినవారు ఏమియు ఎరుగరు." కానీ ఆ వచనం ఇంకా ముందుకెళ్లి, వాళ్లకి ఇక ఏ ఫలమూ లేదంటుంది. దాన్ని ఆఖరి మాటగా తీసుకుంటే మన పునరుత్థాన నిరీక్షణే పోతుంది. సూర్యుని కింద మనిషికి కనబడేంతవరకు చూసి రాసిన మాట అది. క్రీస్తు సమాధి ఇంకా ఖాళీ కాలేదు అప్పటికి. పునరుత్థానం లేదనే సద్దూకయ్యులకి యేసు ఇచ్చిన జవాబు దాని తర్వాతది: అబ్రాహాము దేవుడు, ఇస్సాకు దేవుడు, యాకోబు దేవుడు మృతుల దేవుడు కాడు, సజీవుల దేవుడు, ఆయన దృష్టికి అందరూ జీవిస్తున్నారు. కొండమీద ఆయన రూపం మారినప్పుడు మోషే, ఏలీయా వచ్చి మాట్లాడినది దేని గురించి? యెరూషలేములో ఆయన పొందబోయే మరణం గురించి అని లూకా రాశాడు. భూమ్మీద జరగబోయేది వాళ్లకి తెలుసు, దాని మీద వాళ్లకి శ్రద్ధ ఉంది.

ప్రకటన గ్రంథం ఆరో అధ్యాయంలో బలిపీఠం కింద ఉన్న హతసాక్షుల ఆత్మలు, ఎందాక తీర్పు తీర్చవు అని కేకలు వేస్తాయి. కింద న్యాయం ఇంకా జరగలేదని వాళ్లకి తెలిసినట్టే కదా. అయిదో అధ్యాయంలో ఇరవై నలుగురు పెద్దలు గొఱ్ఱెపిల్ల (క్రీస్తు) ఎదుట సాగిలపడుతున్నారు, వాళ్ల చేతుల్లో ధూపద్రవ్యంతో నిండిన బంగారు పాత్రలు, ఆ ధూపం పరిశుద్ధుల ప్రార్థనలు. మావాళ్లు ఈ ఒక్క వచనంతోనే వాదన గెలిచామనుకుంటారు, నేను అలా అనుకోను. పెద్దలు ఆ ప్రార్థనల్ని అందిస్తున్నారని అక్కడ ఉంది గానీ, ఆ ప్రార్థనలు వాళ్లను ఉద్దేశించి చేసినవని లేదు. అయినా అది చూపించేది చిన్న విషయం కాదు. మన ప్రార్థనలు దేవుని సన్నిధికి చేరే చోట పరలోకంలోనివాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు, ఆ పనిలో వాళ్లకి పాలుంది. మక్కబీయుల రెండో గ్రంథం 15లో చనిపోయిన యిర్మీయా తన జనం కోసం ఎంతో ప్రార్థిస్తున్నట్టు యూదా మక్కబీయుడనే నాయకుడికి ఒక దర్శనం కనబడుతుంది. మా డెబ్బై మూడు పుస్తకాల్లో అది ఉంది, మా అత్తగారింటి అరవై ఆరింటిలో లేదు కాబట్టి వాళ్లతో మాట్లాడేటప్పుడు దాన్ని సాక్ష్యంగా తీసుకురాను. కానీ క్రీస్తుకి ముందే యూదుల్లో ఈ నమ్మకం ఉందని తెలియడానికి అది చాలు.

ఇంతమంది మొర ఒకేసారి మరియమ్మకి ఎలా వినబడుతుంది, ఆమె సర్వజ్ఞురాలా? కాదు. దేవుడు తెలియజేస్తేనే తెలుస్తుంది. ఎలీషా ప్రవక్తకి సిరియా రాజు పడకగదిలో అన్న మాటలు తెలిశాయి, ఆయన దేవుడు కాదు.

రోమా నగరంలో అప్పియా దారిన పునీత సెబాస్తియను గుడి కింద ఒక పాత గోడ ఉంది. మూడో శతాబ్దపు క్రైస్తవులు అక్కడ కూడి చనిపోయినవాళ్ల జ్ఞాపకార్థం భోజనాలు చేసేవారు. ఆ గోడ సున్నం మీద మొనదేలినదానితో గీకిన రాతలు వందల కొద్దీ ఉన్నాయి. వంకరటింకర అక్షరాలు, ఒకదాని మీద ఒకటి. పౌలా, పేతురూ, విక్టరు కోసం వేడుకోండి అని ఒకటి. ఇంకా అలాంటివే బోలెడు. వేదపండితులెవరూ రాయలేదు వాటిని. హింసలు ఇంకా ఆగని రోజుల్లో మామూలు జనం తమవాళ్ల పేర్లు అక్కడ గీకి వెళ్లారు. ఇది రాజులు మతం మార్చుకున్నాక అన్యుల దగ్గర్నుంచి పాకిన ఆచారం అని చెప్పేవాళ్లు ఆ గోడకి జవాబు చెప్పాలి. తర్వాత 406లో విజిలాన్షియస్ అనే గురువు (ఫాదరు) దీన్ని తప్పుపట్టినప్పుడు పునీత జెరోము అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ బలంగా తోస్తుంది: శరీరంలో ఉండి, తమ గురించి తాము భయపడాల్సిన రోజుల్లోనే అపొస్తలులు ఇతరుల కోసం ప్రార్థించగలిగితే, కిరీటం పొందాక ప్రార్థించలేరా?

మా అత్తగారి సభవాళ్లకి ఒక మాట చెప్పాలి. లూథరన్ల 1530 ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణాన్ని సమర్థిస్తూ లూథరు సహచరుడు మెలాంక్తన్ 1531లో రాసిన గ్రంథం లూథరన్ సంఘానికి అధికారికమైనదే. అందులో ఇరవై ఒకటో అంశంలో, పరలోకంలోని పరిశుద్ధులు సంఘం కోసం ప్రార్థిస్తారని ఆయన ఒప్పుకున్నాడు. మరియమ్మ సంఘం కోసం ప్రార్థిస్తుందన్నదాన్నీ కాదనలేదు. ఆయన కాదన్నది, వాళ్లను మనం పిలిచి అడగడాన్ని. వాక్యంలో దానికి ఆజ్ఞ లేదు, వాగ్దానం లేదు, ఉదాహరణ లేదు అన్నాడు. గౌరవించాల్సిన అభ్యంతరం ఇదొక్కటే. మిగతావన్నీ మేము విగ్రహారాధకులమనే తొందరపాటులోంచి వచ్చేవి.

ఆ తొందరపాటుకి మావాళ్ల తప్పు కూడా ఉంది. విజయవాడలోని గుణదలకి నేను చాలాసార్లు వెళ్లాను. 1924లో ఆ కొండమీద లూర్దుమాత (మరియమ్మ) స్వరూపం పెట్టినప్పటినుంచి జనం వస్తూనే ఉన్నారు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో కొండ నిండిపోతుంది. తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు, హిందువులు కూడా బిడ్డల్ని ఎత్తుకుని మెట్లెక్కుతారు. ఆ జనాన్ని చూసి నాకెప్పుడూ చిన్నచూపు కలగలేదు. నాకు బాధ కలిగించేది వేరే. దేవుడు కోపిష్టి, అమ్మ దయగలది, అందుకే అమ్మ దగ్గరకి రండి అని ఒకసారి ఒక ప్రసంగంలో విన్నాను. ఆ ఊరూ పేరూ అనవసరం. మా విశ్వాసంలో ఇంతకంటే పెద్ద అబద్ధం ఉండదు. తన సొంత కుమారుణ్ణే మన కోసం అప్పగించిన తండ్రి దగ్గర్నుంచి మనల్ని కాపాడటానికి ఇంకెవరో కావాలా? ఈ జపం ఇంతమందికి పంపితే తొమ్మిది రోజుల్లో అద్భుతం అనే వాట్సాప్ మెసేజీలూ అంతే. పని జరిగితే ఇంత ఇస్తాననే బేరాలూ అంతే. అంతోనిగారి మంగళవారం నవేన ప్రార్థనకి మానకుండా వస్తూ ఆదివారం పూజ మానేసేవాళ్లకి మా గురువులు ఇంకా గట్టిగా చెప్పాలి. మా ప్రార్థనామాలిక వినండి, అందులోనే తేడా ఉంది: తండ్రితో, కుమారునితో, పవిత్రాత్మతో మా మీద దయచూపమంటాం. మరియమ్మతో, పునీతులతో మా కోసం ప్రార్థించమంటాం. ఆ హద్దు నోటితో పలుకుతూ మనసులో చెరిపేస్తే తప్పు మాదే.

మెలాంక్తన్ అభ్యంతరానికి వస్తాను. పునీతుల్ని పిలిచి అడగమని బైబిలులో ఆజ్ఞ లేదు. నిజమే. 1563 డిసెంబరులో కతోలిక శ్రీసభ జరిపిన త్రెంతు మహాసభ కూడా దాన్ని రక్షణకి షరతుగా పెట్టలేదు. మంచిది, ప్రయోజనకరం అంది, అదే వాక్యంలో మన ఏకైక విమోచకుడు, రక్షకుడు యేసుక్రీస్తే అని కూడా అంది. కానీ ప్రార్థించమని సాటి విశ్వాసిని అడగడానికి ఆజ్ఞ ఉంది, వాగ్దానం ఉంది, తన కోసం ప్రార్థించమని పౌలే రోమీయుల్ని బతిమాలిన ఉదాహరణ ఉంది. "నీతిమంతుని విజ్ఞాపన మనఃపూర్వకమైనదై బహు బలము గలదై యుండును" అని యాకోబు రాశాడు. అవి సమాధి దగ్గర ఆగిపోతాయనడానికే నాకు వాక్యం కనబడదు. ఆగిపోతాయన్నవాళ్లే చూపించాలి. అపొస్తలుల విశ్వాస ప్రమాణంలో పరిశుద్ధుల సహవాసాన్ని నమ్ముతున్నామని మా గుళ్లోనూ చెబుతాం, మా అత్తగారి గుళ్లోనూ చెబుతారు. ఆ సహవాసంలో సగంమందితో మాట్లాడకూడదంటే అది సహవాసం ఎలా అవుతుంది?

అత్తయ్య పోయి కొన్నేళ్లయింది. ఆ నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గరుంది, గీత పడని పేర్లు ఇంకా ఉన్నాయి అందులో. నవంబరు 2న సమాధుల పండుగకి మా మరిది కూడా వస్తాడు, సమాధికి సున్నం వేయిస్తాడు, పూలు పెడతాడు, కొవ్వొత్తి వెలిగిస్తాడు. అక్కడ నేను అత్తయ్యని అడుగుతాను, ఆ పేర్లు మీరు మర్చిపోకండి అని. బయటికే అడుగుతాను. మా మరిది అభ్యంతరం చెప్పడు, తాను మాత్రం అడగడు. "అమ్మ ప్రభువు దగ్గర ఉంది, అది చాలు" అంటాడు. ప్రభువు దగ్గర ఉన్నావిడ, ప్రభువు ప్రేమించినవాళ్ల పేర్లు అక్కడ పలకడం మానేసిందని నువ్వు నమ్ముతున్నావా అని అడిగాను. లేదన్నాడు. అడగడం మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.